మీకు తెలుసా? పోకెమాన్ పోరులో ఆకాశం నెమ్మదస్తుడి మాటే వింటుంది

1996లో జపాన్‌లో వచ్చిన తొలి పోకెమాన్ ఆటల్లో వాతావరణం అన్నదే లేదని మీకు తెలుసా? ఎండా లేదు, వానా లేదు. రెండు వింత జీవులు ఎదురెదురుగా నిలబడి కొట్టుకోవడమే. 1999లో గోల్డ్, సిల్వర్ ఆటలు వచ్చాక మూడు కొత్త విద్యలు చేరాయి. రెయిన్ డాన్స్ వాన కురిపిస్తుంది, సన్నీ డే ఎండ కాయిస్తుంది, శాండ్‌స్టార్మ్ ఇసుక తుఫాను రేపుతుంది. వడగళ్లు 2002లో రూబీ, సఫైర్ ఆటలతో దిగాయి. ఆనాటి నుంచి నేటి దాకా పోటీ ఆటగాళ్ల బుర్రల్ని ఇంతగా తిప్పిన అంశాలు ఈ ఆటలో కొద్దే.

పోకెమాన్ అంటే కార్టూన్ మాత్రమే తెలిసినవారికి రెండు ముక్కలు. ఈ ఆటలో ప్రతి జీవికీ, ప్రతి దెబ్బకీ ఒక టైప్ ఉంటుంది: వాటర్, ఫైర్, గ్రాస్, రాక్, ఐస్, ఇలా 18. 2009 నుంచి నడుస్తున్న అధికారిక పోటీల్ని ఆటగాళ్లు వీజీసీ అంటారు. అందులో ఒక్కో వైపు రెండేసి జీవులు ఒకేసారి బరిలో ఉంటాయి. ఆటగాడు ఆరింటిని తెస్తాడు, ప్రతి పోరుకూ వాటిలోంచి నాలుగింటిని ఎంచుకుంటాడు. ఇద్దరూ ఒకేసారి ఆదేశాలిస్తారు, వేగం ఎక్కువున్న జీవి ముందు కొడుతుంది. ఇలా ఇద్దరి ఆదేశాలూ ఒకసారి పూర్తయితే ఒక టర్న్.

ఇక ఆకాశం సంగతి. వాన పడుతుంటే వాటర్ దెబ్బ బలం ఒకటిన్నర రెట్లవుతుంది, ఫైర్ దెబ్బ సగమవుతుంది. ఎండ కాస్తే లెక్క తిరగబడుతుంది. 100 బలమున్న నీటి దెబ్బ వానలో 150, ఎండలో 50. కొట్టేదీ అదే, కొట్టించుకునేదీ అదే, అయినా మూడు రెట్ల తేడా! థండర్ అనే పిడుగు దెబ్బకు బలం 110 ఉన్నా మామూలు రోజున నూటికి 70 సార్లే తగులుతుంది. వానలో గురి తప్పనే తప్పదు, ఎండలో సగానికి సగం గాల్లో పోతుంది. సోలార్ బీమ్ ఒక టర్న్ అంతా శక్తి కూడగట్టుకుని రెండో టర్న్‌లో గానీ కొట్టలేదు. ఎండ ఉంటే మాత్రం ఆ ఆగడం ఉండదు.

ఇసుక తుఫానుది వేరే పద్ధతి. రాక్, గ్రౌండ్, స్టీల్ టైప్ జీవుల్ని వదిలేసి, మిగతా వాటి ప్రాణంలో ప్రతి టర్న్ చివరా పదహారో వంతు తినేస్తుంది. పదహారో వంతేగా అని తీసిపారేయకండి. ఫోకస్ శాష్ అనే నడికట్టు ఉంది, నిండు ప్రాణంతో ఉన్న జీవి ఎంత పెద్ద దెబ్బ తిన్నా 1 పాయింటుతో బతికిస్తుంది. ఇసుక ఒక్క టర్న్ గీరితే చాలు, ప్రాణం నిండుగా లేదు కాబట్టి ఆ నడికట్టు దండగ.

అయితే ఈ బలాలన్నీ మనకే అనుకుంటే పొరపాటు. మనం పిలిచిన వాన పక్కవాడి చేనుకూ పడుతుంది. ఎదుటి జట్టులో మనకంటే మంచి వాటర్ జీవి ఉంటే, మన చేత్తో దాన్ని పోషించినట్టే. వాతావరణ జట్టు కట్టడంలో కష్టమంతా ఇక్కడే ఉంది. వాన తేవడం ఎవరైనా తెస్తారు. అది ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోతుందో లెక్కపెట్టుకున్నవాడికే అది పనికొస్తుంది.

ఆ లెక్క ఏమిటంటారా? వాన తెచ్చే దారులు రెండు. ఒకటి, రెయిన్ డాన్స్ లాంటి విద్యను ఒక టర్న్ ఖర్చుపెట్టి వాడటం. రెండోది, బరిలోకి అడుగుపెట్టగానే వాన మొదలయ్యే పుట్టుక గుణం, ఆటగాళ్ల మాటలో ఎబిలిటీ. 2002లో సముద్ర దేవుడి లాంటి క్యోగర్‌కు వాన గుణం, దాని శత్రువు గ్రౌడాన్‌కు ఎండ గుణం, టైరానిటార్ అనే రాతి రాకాసికి ఇసుక గుణం వచ్చాయి. అప్పట్లో గుణంతో వచ్చిన వాతావరణానికి గడువు లేదు, ఎవరో ఒకరు మార్చేదాకా పోరంతా అదే. 2013లో ఎక్స్, వై ఆటలతో ఈ వైభవానికి గండి పడింది. గుణంతో వచ్చినా సరే, 5 టర్న్‌లే. తడి రాయి, వేడి రాయి లాంటి ప్రత్యేకమైన రాళ్లున్నాయి. తగిన రాయిని వాతావరణం తెచ్చేదాని చేతికిస్తే 8 టర్న్‌లు. కానీ ఆ చేతిలో ఇంకే వస్తువూ పట్టదు.

ఈ 5లో రెండు మెలికలున్నాయి. వాన మొదలైన టర్న్ కూడా లెక్కలోకే వస్తుంది. పోరు మొదట్లోనే వాన గుణమున్న పెలిప్పర్ అనే పెద్ద ముక్కు పక్షిని దింపితే 5 టర్న్‌లూ చేతికొస్తాయి. అదే నెమ్మదిగా కదిలే జీవితో రెయిన్ డాన్స్ చేయిస్తే, అది చేసేసరికి మిగతావాళ్లు కొట్టడం అయిపోయి ఉంటుంది. మిగిలేవి నాలుగే. రెండో మెలిక ఇంకా చికాకు. వాన పడుతుండగా పెలిప్పర్‌ను మళ్లీ దింపినా గడువు కొత్తగా మొదలవదు. ఐదో టర్న్‌లో తొందరపడి దాన్ని లోపలికి తెచ్చారా, ఆ టర్న్ చివర వాన ఆగిపోతుంది, పక్షి పొడి నేల మీద దిక్కులు చూస్తూ ఉంటుంది. ఒక్క టర్న్ ఆగి ఆరోదాంట్లో దింపాలి. అందుకే పెలిప్పర్‌కు యూ టర్న్ అనే విద్య నేర్పుతారు. కొట్టి వెనక్కి వెళ్లిపోతుంది, అవసరమైనప్పుడు మళ్లీ వస్తుంది.

ఇప్పుడు అసలు చమత్కారం. ఒకవైపు వాన తెచ్చేది, మరోవైపు ఎండ తెచ్చేది ఒకేసారి బరిలోకి దిగితే ఏమవుతుంది? వేగమున్న దాని గుణం ముందు పనిచేస్తుంది. నెమ్మదైనది తర్వాత పనిచేసి మొదటిదాన్ని చెరిపేస్తుంది. చివరికి నిలిచేది నెమ్మదైనవాడి వాతావరణమే! ఈ ఆటలో వేగం కోసం ఆటగాళ్లు ప్రాణాలిస్తారు, ఒక్క పాయింటు కోసం జీవిని మళ్లీ మొదటి నుంచి పెంచుతారు. వాతావరణం తెచ్చేవాటికి మాత్రం ఒక్కో పాయింటూ తగ్గించుకుంటూ పోతారు. క్యోగర్, గ్రౌడాన్ రెండింటి మూల వేగమూ సరిగ్గా 90 కావడంతో, తమది ఎదుటివాడి కంటే ఒక్క పాయింటైనా తక్కువుండాలని పోటీలు పడిన రోజులున్నాయి.

ఈ పందెంలో ఎవరూ అందుకోలేనిది టోర్కోల్. వీపు మీద బొగ్గు మండే తాబేలు అది. మూల వేగం 20. పోటీల్లో అందరి స్థాయీ 50గా లెక్కిస్తారు. ఆ స్థాయిలో టోర్కోల్ వేగాన్ని వీలైనంత తగ్గిస్తే 22కి దిగుతుంది. పెలిప్పర్‌ను ఎంత పిండినా 63 కంటే కిందికి రాదు. రెండూ కలిసి దిగితే ప్రతిసారీ ఎండే. 2016లో సన్, మూన్ ఆటలు వచ్చేదాకా టోర్కోల్‌కు ఎండ గుణం లేదు, పెలిప్పర్‌కు వాన గుణమూ లేదు. రెండూ ఒకే ఏడు అదృష్టం పట్టిన జీవులు.

టోర్కోల్ చేతిలో ఇరప్షన్ అనే అగ్నిపర్వత దెబ్బ ఉంది. ప్రాణం నిండుగా ఉంటే బలం 150, ప్రాణం తగ్గేకొద్దీ బలమూ తగ్గుతుంది. పైగా ఇద్దరు శత్రువులకూ ఒకేసారి తగులుతుంది. లెక్క వేద్దాం. సొంత టైప్ దెబ్బకు ఒకటిన్నర రెట్లు, ఎండకు మరో ఒకటిన్నర, ఇద్దరికీ పంచినందుకు పాతిక శాతం కోత. తేలేది దాదాపు 253. ఇద్దరికీ 253! బాగానే ఉంది గానీ, అందరికంటే చివర కదిలే తాబేలు కొట్టేలోపు దెబ్బలు తిని సగం చచ్చి ఉంటుంది కదా. 2017లో ఆటగాళ్లు దీనికి మంచి విరుగుడు వాడారు. పక్కన లిలిగాంట్ అనే పూల రాణిని నిలబెట్టారు. ఎండలో ఆమె వేగం రెట్టింపు. అందరికంటే ముందు కదిలి ఆఫ్టర్ యూ అనే విద్య వేస్తుంది, అంటే తన వెంటనే తాబేలుకు వంతు ఇప్పిస్తుంది. ఎదుటివాళ్లు కన్ను తెరిచేసరికి పర్వతం పేలిపోయి ఉంటుంది. నన్నడిగితే వాతావరణ జట్ల చరిత్రలో ఇంత అందమైన జంట మరొకటి లేదు. అత్యంత నెమ్మదైనదాన్ని మెరుపు వేగమున్నది చెయ్యి పట్టుకుని ముందుకు నడిపించడం చూడముచ్చటగా ఉంటుంది.

వేగం రెట్టింపు అన్నాను కదా. వానలో స్విఫ్ట్ స్విమ్, ఎండలో క్లోరోఫిల్, ఇసుకలో శాండ్ రష్, మంచులో స్లష్ రష్: ఈ గుణాలున్న జీవులు తమ వాతావరణంలో రెండింతల వేగంతో కదులుతాయి. ఎంత వేగం? ఆటలో అన్నిటికంటే మూల వేగం ఎక్కువున్నది రెజీలెకి అనే కరెంటు జీవి, దానిది 200. 50వ స్థాయిలో దాన్ని ఎంత సానపట్టినా వేగం 277. కింగ్‌డ్రా అనే సముద్రపు డ్రాగన్ మూల వేగం 85, సానపడితే 150. వాన పడగానే 300. చరిత్రలో అత్యంత వేగమున్న జీవి వెనకబడిపోయింది. ఇంకో మాట, 2019లో వచ్చిన స్వోర్డ్, షీల్డ్ నుంచి టర్న్ మధ్యలో వాన మొదలైనా వేగం అప్పటికప్పుడే పెరుగుతుంది, తర్వాతి టర్న్ దాకా ఆగనక్కర్లేదు. పెలిప్పర్ లోపలికి వచ్చిన టర్న్‌లోనే కింగ్‌డ్రా దూకేయొచ్చు.

ఇంత బలం చేతికొస్తే గొడవలు రావా? వచ్చాయి. 2010లో బ్లాక్, వైట్ ఆటలు పొలిటోడ్ అనే మామూలు కప్పకు వాన గుణాన్ని, నైన్‌టేల్స్ అనే తొమ్మిది తోకల నక్కకు ఎండ గుణాన్ని ఇచ్చేశాయి. అప్పటికి గడువులూ లేవు. అంతకుముందు క్యోగర్ లాంటి దేవతలకే ఉన్న శక్తి కప్ప చేతికి వచ్చేసరికి, ప్రతి జట్టులోనూ ఒక వాతావరణ జీవి తప్పనిసరి అన్నంత దాకా పోయింది. ఆ కాలాన్ని ఆటగాళ్లు ఇప్పటికీ వాతావరణ యుద్ధాలు అనే పిలుచుకుంటారు. సొంతంగా నియమాలు పెట్టుకుని ఆడే స్మోగాన్ సమాజం చివరికి ఒక విచిత్రమైన నిషేధం తెచ్చింది. వాన గుణమున్న జీవి ఉండొచ్చు, స్విఫ్ట్ స్విమ్ ఉన్న జీవీ ఉండొచ్చు, రెండూ ఒకే జట్టులో ఉండకూడదు! జీవిని నిషేధించడం మామూలే, జతను నిషేధించడం అరుదు. పోరును బతికించుకోవడానికి వాళ్లకు వేరే దారి దొరకలేదు మరి.

2014లో కథ ఇంకో మెట్టెక్కింది. ఆ ఏడు వచ్చిన ఒమేగా రూబీ, ఆల్ఫా సఫైర్‌లలో క్యోగర్, గ్రౌడాన్ తమ ఆదిమ రూపాలెత్తాయి. ఆదిమ క్యోగర్ కుంభవృష్టిలో ఫైర్ దెబ్బలు తగ్గడం కాదు, పూర్తిగా ఆరిపోతాయి. ఆదిమ గ్రౌడాన్ మండుటెండలో నీటి దెబ్బలు గాల్లోనే ఆవిరైపోతాయి. మామూలు రెయిన్ డాన్స్, సన్నీ డే వీటి ముందు పనిచేయవు. 2016లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రపంచ పోటీలకు ఒక్కో జట్టులో క్యోగర్, గ్రౌడాన్ లాంటి మహాజీవులు రెండింటి దాకా అనుమతి ఉండటంతో గ్రౌడాన్ ఎక్కడ చూసినా కనిపించింది. నీటి దెబ్బ దానికి నాలుగింతలు తగలాలి, కానీ ఆ ఎండలో నీరు చేరనే చేరదు. ఆ ఏడు విజేత అమెరికా ఆటగాడు వుల్ఫ్ గ్లిక్. ఆయన క్యోగర్‌కు జతగా రేక్వాజా అనే ఆకాశ సర్పాన్ని తెచ్చారు. రేక్వాజా మెగా రూపమెత్తితే పెనుగాలి వీచి ఆ మండుటెండను కూడా చెరిపేస్తుంది. ఎండ పోయిందంటే క్యోగర్ నీటికి దారి తెరుచుకున్నట్టే. వాన లేకపోయినా పర్వాలేదు, శత్రువు ఎండ ఉండకపోతే చాలు: ఈ ఆలోచన అప్పట్లో చాలామందికి కొత్త చూపు.

వాతావరణాన్ని వాడుకునేవే కాదు, దాన్ని లెక్కచేయనివీ ఉన్నాయి. గోల్డక్ అనే బాతు జీవికి క్లౌడ్ నైన్ గుణముంటే అది బరిలో ఉన్నంతసేపూ వాన, ఎండ ఏదీ పనిచేయదు. గడువు మాత్రం లోలోపల తరుగుతూనే ఉంటుంది. తమాషా ఏమిటంటే, అదే గోల్డక్‌కు దాగి ఉన్న మరో గుణం స్విఫ్ట్ స్విమ్. ఒక గోల్డక్ వానను చంపుతుంది, దాని తోబుట్టువు వానలో పరుగెడుతుంది. 2019లో గొడుగు కూడా వచ్చింది. అది పట్టుకున్న జీవికి వానా తగలదు, ఎండా తగలదు. 2023లో వచ్చిన వాకింగ్ వేక్ అనే ప్రాచీన జీవిది ఇంకా తిక్క, దాని హైడ్రో స్టీమ్ నీటి దెబ్బే అయినా ఎండలో తగ్గదు, ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. ఇక కాస్ట్‌ఫార్మ్ అని ఒక చిన్న మబ్బు తునక ఉంది. వానలో వాటర్‌గా, ఎండలో ఫైర్‌గా, మంచులో ఐస్‌గా మారిపోతుంది. ఆట కథలో దాన్ని పుట్టించింది ఒక వాతావరణ పరిశోధన సంస్థ. పోటీల్లో మాత్రం పాపం, దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

వడగళ్లకు ఏమైంది? 2022లో వచ్చిన స్కార్లెట్, వయొలెట్ వాటిని తీసేసి మంచు కురిపించాయి. వడగళ్లలా మంచు ఎవరి ప్రాణమూ తినదు. ఐస్ టైప్ జీవుల రక్షణను మాత్రం ఒకటిన్నర రెట్లు చేస్తుంది. ఐస్ టైప్ దెబ్బ తట్టుకోలేదన్న పాత చెడ్డపేరు దీంతో కొంత తగ్గింది. వాన జట్టుకు వరం 2023 చివర్లో దొరికింది. ఆర్కలుడాన్ అనే ఉక్కు డ్రాగన్ ఎలక్ట్రో షాట్ బలం 130, మామూలుగా కొట్టే ముందు ఒక టర్న్ ఆగాలి, వానలో ఆగకుండా కొడుతుంది, కొడుతూ తన స్పెషల్ దాడి బలాన్నీ పెంచుకుంటుంది. పెలిప్పర్, ఆర్కలుడాన్ జంట 2024 పోటీల్లో తరచూ కనిపించింది. వాటర్ టైప్ కాని జీవి వాన జట్టుకు వెన్నెముక అవడం గమనించాల్సిన విషయం.

మన ఊళ్లలో నిజంగా పడే వానకూ పోకెమాన్‌కూ సంబంధం ఉందా? ఉంది. భారత్‌లో 2016 డిసెంబరులో అధికారికంగా వచ్చిన పోకెమాన్ గో అనే ఫోన్ ఆట, మరుసటి ఏడు డిసెంబరు నుంచి మీరున్న చోటి అసలు వాతావరణాన్ని చూస్తుంది. హైదరాబాద్‌లో వాన పడుతుంటే వాటర్, ఎలక్ట్రిక్, బగ్ దెబ్బలకు 20 శాతం అదనపు బలం. ఎండ కాస్తే ఫైర్, గ్రాస్, గ్రౌండ్‌లకు. మంచు కురిస్తే ఐస్, స్టీల్‌లకు, ఇది మనవాళ్లకు పెద్దగా అక్కరకొచ్చేది కాదు. ఇందులో ఆటగాడికీ ఆటగాడికీ మధ్య పోరులో మాత్రం ఈ అదనం వర్తించదు. న్యాయమే కదా, లేకపోతే చిరపుంజిలో కూర్చున్నవాడితో ఎవరు గెలుస్తారు?

అసలు జట్టు ఎలా కట్టాలో అడిగేవారికి నాలుగు మాటలు. ఆరింటినీ వాన మీదే ఆధారపడేలా నింపకండి. ప్రత్యర్థి పోరుకు ముందే మీ ఆరింటినీ చూస్తాడు, చూడగానే ఎండ తెచ్చేదాన్ని బయటికి తీస్తాడు. వాన తెచ్చేది ఒకటి, వానలో రెచ్చిపోయేవి ఒకటో రెండో, మిగతావి వాన లేకపోయినా నిలబడగలిగేవి ఉండాలి. వానను ఎక్కువగా భయపెట్టేవి గ్రాస్ జీవులు, కాబట్టి వాటిని కొట్టగల దెబ్బ ఒకటి దాచుకోండి. పెలిప్పర్ దగ్గర హరికేన్ అనే గాలి దెబ్బ ఉంది, వానలో దానికి గురి తప్పదు, గ్రాస్‌కు రెండింతలు తగులుతుంది. కొత్తవాళ్లు అది వదిలేసి రెండో నీటి దెబ్బ నేర్పడం చాలా చోట్ల చూస్తాను. పెలిప్పర్ వేగం పెంచే ముందు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. పెంచిన ప్రతి పాయింటూ మరో వాతావరణం ముందు ఓడిపోయే అవకాశాన్ని పెంచుతుంది.

మొదటి జట్టుకు వానే మంచిది, లెక్క తేలిక, తప్పు చేసినా కొంత సర్దుకోవచ్చు. రెండో జట్టుగా ఎండ, టోర్కోల్‌ను కాపాడుకోవడం వంటబట్టాక. ఇసుక జట్టు ఓపికున్నవాళ్లకు. మంచు జట్టు మీద మాత్రం నాకింకా గురి కుదరలేదు.